వెనకవైపు ఊటీ

జయరాముడు ఊటీ చూడలేదు. అయినా ఎనిమిది నెలలు ఆ ఊళ్లోనే కాపురం ఉన్నట్టు లెక్క. ధర్మవరంలో తన ఇంటి వసారాలో, రేకుల కింద, గడుల కాగితం మీద వంగి, ఎర్ర పెన్సిలుతో ఒక్కో గడీ నింపుకుంటూ ఆ ఊరంతా కట్టాడు. చెరువు తవ్వాడు, చర్చి లేపాడు, కొండ మీదికి రైలు ఎక్కించాడు. అంతా అయ్యేసరికి మెడ పట్టేసింది, కుడికన్ను ఊరికే నీళ్లు కారడం మొదలుపెట్టింది. నిజంగా ఊటీ కట్టించిన దొరలకు కూడా ఇంత కష్టం అయి ఉండదు. వాళ్లకు కూలీలైనా ఉన్నారు.

గ్రాఫు గీయడమంటే ఏమిటో తెలియనివాళ్లకు ఒక్క ముక్క చెప్పాలి. పట్టుచీర మీద నెమలి కావాలంటే ముందు ఆ నెమలిని గడుల కాగితం మీద గీస్తారు. ఆ కాగితం చూసి అట్టలకు బెజ్జాలు కొడతారు. ఆ అట్టల దండను మగ్గం పైనున్న జకార్డుకు తగిలిస్తే, బెజ్జాలను బట్టి పోగులు లేస్తాయి, చీర మీద నెమలి దిగుతుంది. ముప్పై ఎనిమిదేళ్లుగా జయరాముడు చేస్తున్నది ఈ పనే. ధర్మవరం చీర కట్టుకుని పెళ్లిపీటల మీద కూర్చున్న ఆడపిల్లల్లో ఎంతమంది భుజాల మీద అతని నెమళ్లు, హంసలు వాలాయో దేవుడికే తెలియాలి. అతనికి తెలియదు, ఆ పిల్లలకు అసలే తెలియదు. చీరకు అంగడి పేరున్న చీటీ ఒకటి కుట్టి ఉంటుంది. నేసినవాళ్ల పేరుకే దిక్కు లేదు, గీసినవాడి పేరు ఎవరికి కావాలి?

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. ఈ నెమళ్లు ఎప్పుడూ జంటలే. జయరాముడు ఒక నెమలిని గీస్తే చాలు, దానికి ఎదురుగా చూసే రెండో నెమలిని మగ్గమే దింపుకుంటుంది. అంటే ముప్పై ఎనిమిదేళ్లూ అతను గీసింది సగం బొమ్మలే. కుడి ఏది, ఎడమ ఏది అన్న ప్రశ్న అతని పనిలో ఒక్కనాడూ రాలేదు.

నాలుగేళ్లుగా ఆ సగం నెమలి కోసం కూడా అతని గడప తొక్కేవాళ్లు తగ్గిపోయారు. కంప్యూటర్లు వచ్చాయి. అతని నెల పని అవి ఒక పూటలో చేస్తాయి, వాటికి మెడనొప్పి కూడా ఉండదు. జయరాముడు పెన్సిళ్లన్నీ బిస్కెట్ల డబ్బాలో పెట్టి మూత వేసేశాడు. అరవై ఒకటో ఏడు నడుస్తోంది, ఇంక చాల్లే అనుకున్నాడు.

అప్పుడు వచ్చింది ఊటీ పని. తెచ్చినవాడు వేణుమాధవ్. హిందూపురం మనిషి. ముప్పై ఏళ్ల కిందట ఊటీకి పోయి, బేకరీ పెట్టుకుని అక్కడే స్థిరపడిపోయాడు. ఊటీ ఊరుగా మొదలై రెండు వందల ఏళ్లు దాటాయని అక్కడి వ్యాపారులు కొందరు కలిసి, ఒక హాలులో పాత ఫోటోలు, పాత సామాన్లు పెట్టాలనుకున్నారు. వేణుమాధవ్‌కు పుట్టిన సీమ మీద మమకారం పొంగింది. ఊరంతా కనిపించేలా ఒక పట్టు కొంగు నేయించి తెస్తానని, అది కూడా చేత్తో గీయించిందే తెస్తానని పదిమందిలో మాటిచ్చేశాడు. ధర్మవరంలో రఘునాథ్ పట్టుచీరల అంగడికి వచ్చి అడిగితే, రఘునాథ్ అతన్ని తిన్నగా జయరాముడి వసారాకు తీసుకొచ్చాడు.

"కొంగును అద్దాల పెట్టెలో పెడతాం. కింద పలక ఉంటాది. గీసినవాళ్ల పేరు, నేసినవాళ్ల పేరు రాయిస్తాం" అన్నాడు వేణుమాధవ్.

జయరాముడు మిగతా సంగతులు ఏవీ సరిగ్గా వినలేదు. "పేరంటే, నా పేరా సార్?" అని అడిగాడు.

"నీ పేరే."

"అంగడి పేరు కాదు గదా?"

"నీ పేరే అంటాండా గదప్పా" అన్నాడు వేణుమాధవ్. పక్కనే ఉన్న రఘునాథ్ నవ్వాడు. జయరాముడికి నవ్వు రాలేదు. ఆ సాయంత్రమే బిస్కెట్ల డబ్బా మూత తీశాడు.

వేణుమాధవ్ ఫోటోలు పంపాడు. ఒక్కోదాని వెనక తెలుగులో రెండు ముక్కలు రాశాడు. కోయంబత్తూరు కలెక్టరు సల్లివన్ దొర కట్టించిన మొదటి ఇల్లు, అక్కడి తోడా తెగ పశువుల కాపరులు దీన్ని రాతి బంగళా అన్నారు. సల్లివన్ దొరే కట్ట వేయించి నీళ్లు నిలిపిన చెరువు. శ్రీరంగపట్నంలో టిప్పు సుల్తాన్ మహలు పడగొట్టి, ఆ దూలాలు కొండమీదికి తెప్పించి కట్టించిన చర్చి. రంపంలాంటి పళ్లున్న పట్టా మీద పాకే చిన్న రైలు. ఫలానా దొర వేయించిన తోట. జయరాముడు అన్నీ చదివాడు. అన్నీ కట్టించినవాళ్ల పేర్లే.

మగ్గం మీద కూర్చునేది హనుమక్క. రెండు వీధుల అవతల ఉంటుంది. పుట్టిల్లు రొళ్ల దగ్గర, మెట్టినిల్లు ధర్మవరం. మొగుడు పోయి పన్నెండేళ్లయింది. జయరాముడు గీసిన నెమళ్లను ఆమె ముప్పై ఏళ్లుగా నేస్తోంది. చదువు రాదు. ఫోటోల వెనక రాసింది జయరాముడు చదివి వినిపిస్తే, పోగు విసిరే నాడె ఆపి మరీ వినేది.

"ఆ దూలాలు ఎవరు మోసినారంట?" అని అడిగింది ఒకరోజు.

"ఏనుగులు లాగినాయంట."

"ఏనుగుల వెంబడి ఎవరు నడిచినారు?"

"రాయలేదు."

"యాడ రాస్తారులే" అని మళ్లీ నాడె విసిరింది.

జయరాముడికి తన చిన్నతనం గుర్తొచ్చింది. అతను పుట్టింది పెనుకొండలో, కోట కొండ కిందే. ఐదో తరగతిలో అయ్యవారు గగన్‌మహల్ చూపించి, ఇది రాజులు కట్టించినారురా అన్నారు. సున్నం ఎవరు నూరినారు సార్ అని అడిగాడు జయరాముడు. ఎదురు ప్రశ్నలు వేస్తావా అని ఒక్కటి అంటించారు. ఆ తర్వాత అతను ఎవరినీ ఏమీ అడగలేదు. బహుశా అందుకే ఇన్నేళ్లు పేరు లేకుండా బతికాడు.

ఆర్నెల్లు నేత సాగింది. హనుమక్క మగ్గం మీద చీర ముఖం కిందికి ఉంటుంది. కూర్చున్నవాళ్లకు కనిపించేది వెనకవైపే, దారాలు తేలి ఉన్న వైపు. ముఖం ఎలా దిగుతోందో చూడాలంటే కింద చేతి అద్దం పట్టుకుని చూస్తారు. జయరాముడు రోజూ సాయంత్రం వచ్చి, మగ్గం కింది గుంతలోకి వంగి, అద్దం పట్టి చూసేవాడు. రాతి బంగళా ఎడమన, చెరువు నడుమ, చర్చి కుడిన. ఫోటోలో ఎలా ఉందో అచ్చం అలాగే. "బాగుండాదమ్మా" అనేవాడు. ఆమె కూడా వంగి చూసి, నడుం పట్టుకుని లేచేది. ఇద్దరి నడుములూ అరిగిపోయినవే.

ఈలోగా వేణుమాధవ్ పలక ఎలా ఉంటుందో ఫోన్లో పంపాడు. తమిళంలో, ఇంగ్లీషులో, అన్నిటికన్నా కింద తెలుగులో. గ్రాఫు: జయరాముడు. నేత: హనుమక్క, ధర్మవరం. జయరాముడు ఆ ఫోటోను రోజుకు ఎన్నిసార్లు తెరిచి చూశాడో చెబితే మీరు నవ్వుతారు. అచ్చులో తన పేరు అంతకుముందు చూసింది రేషన్ కార్డు మీదే.

కొంగు పూర్తయిన రోజు హనుమక్క మగ్గానికి పసుపు కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టి, కొంగును కోసి దించింది. జయరాముడు దాన్ని ఇంటికి తెచ్చి, తలుపు గడియ వేసి, మంచం మీద ముఖం పైకి పరిచాడు. జరీ మెరిసింది. తర్వాత ఫోటో తీసి పక్కన పెట్టాడు.

చర్చి ఎడమన ఉంది. రాతి బంగళా కుడిన ఉంది. ఎడమనుంచి కుడికి ఎక్కాల్సిన రైలు కుడినుంచి ఎడమకు ఎక్కుతోంది. చొక్కాను తిరగేసి తొడుక్కున్నట్టు ఊరంతా తిరగబడి ఉంది.

కాసేపు అతనికి ఏమీ అర్థం కాలేదు. అర్థమయ్యాక మంచం పక్కన నేల మీద కూలబడ్డాడు. ముఖం కిందికి నేసే మగ్గానికి గ్రాఫును కుడి ఎడమలు మార్చి గీయాలి. జంట నెమళ్లకు ఆ బాధ లేదు, ఎటు తిప్పినా అవే నెమళ్లు. ఊరికి జంట లేదు కదా. రోజూ పట్టి చూసిన అద్దం తిరగబడిన బొమ్మను మళ్లీ తిరగేసి, సరిగ్గా ఉన్నట్టే చూపించింది. కంప్యూటర్ల వాళ్లయితే ఒక బటన్ నొక్కి తిప్పేస్తారు. అతనికి ఆ బటన్ లేదు, ఆ ఆలోచనా రాలేదు. మళ్లీ గీసి, మళ్లీ అట్టలు కొట్టి, మళ్లీ నేయాలంటే ఏడాది పైమాటే. హాలు తెరిచేది ఐదు రోజుల్లో. జయరాముడు కొంగు మడిచి సంచిలో పెట్టాడు. ఎవరికీ చెప్పలేదు.

మరుసటి రోజు పొద్దున రఘునాథ్ కారులో హిందూపురం బయలుదేరారు. వేణుమాధవ్ తన అక్క చౌడేశ్వరి ఇంటికి వచ్చి ఉన్నాడు, కొంగు తీసుకుని ఆ రాత్రికే ఊటీ పోవాలి. హనుమక్క వెనక సీట్లో సంచిని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. దాచుకున్న మంచి చీర కట్టుకుని, తలలో కనకాంబరాలు పెట్టుకుని వచ్చింది.

"అన్నా, ఆ పలక అద్దం లోపల పెడతారా, బయటనా?" అని అడిగింది.

"తెలీదమ్మా."

"లోపలైతే మేలు. దుమ్ము పట్టదు."

పెనుకొండ దాటుతుంటే జయరాముడు కిటికీలోంచి కొండను చూశాడు. ఒక్క పచ్చని ఆకు లేకుండా బండల మీద బండలు. ఎవరికి తెలుస్తుంది, అనుకున్నాడు. చలికి చెవులకు గుడ్డలు కట్టుకుని ఊటీకి వచ్చేవాళ్లు చర్చి ఎటుందో చూస్తారా? ఫోటో దిగి పోతారు. నోరు మూసుకుంటే సరిపోతుంది. అతను అలసిపోయి ఉన్నాడు. తప్పు ఒప్పుకోవడానికి కూడా ఒంట్లో కాస్త బలం ఉండాలి, అది ఎనిమిది నెలల గడుల్లో అయిపోయింది.

హిందూపురంలో చౌడేశ్వరి ముందే గిన్నెడు బొరుగుల ఉగ్గాని చేసి పెట్టింది. హనుమక్క చెయ్యి పట్టుకుని, "రామ్మా, నా పెళ్లి చీర ధర్మవరందే, చూద్దువుగాని" అని లోపలికి తీసుకుపోయింది. ముందు గదిలో మగవాళ్లు ముగ్గురే మిగిలారు.

వేణుమాధవ్ దివాన్ మీద దుప్పటి పరిచి, కొంగును దాని మీద విప్పాడు. ముఖం పైకి. మొదట అతని కళ్లు నిండినట్టే అయ్యాయి. "ఏం పనప్పా ఇది" అన్నాడు. చెరువు మీద వేలు పెట్టాడు. వేలు అక్కడినుంచి కుడికి పోయింది, ఆగింది, మళ్లీ ఎడమకు వచ్చింది.

"చర్చి ఈ పక్క ఎందుకుండాది?"

వేణుమాధవ్ ఇంకా వంగి రాతి బంగళా కోసం వెతికాడు.

"ముప్పై ఏండ్లుగా ఆ దావన తిరుగుతాండా. ఇది నా ఊరు కాదు. అంతా అటుది ఇటు, ఇటుది అటు ఉండాది."

రఘునాథ్ వంగి చూశాడు. అతనిది మూడు తరాల పట్టు వ్యాపారం. రెండు క్షణాల్లో అతనికి సంగతి తెలిసిపోయింది. జయరాముడి వైపు ఒకసారి చూసి, వేణుమాధవ్‌తో అన్నాడు: "నేసేకాడ తిప్పేసినట్టుండారు సార్. ఆయమ్మకు చదువు లేదు. ఫోటో ఎట్ల పట్టుకునిందో ఏమో. ఆయమ్మ పేరు తీసేద్దాం. గీసినాయప్ప పేరుండనీ, కింద మా అంగడి పేరు పెట్టుకోండి."

ఈ మాట ధర్మవరంలో ఎవరితో అన్నా నవ్వుతారు. అట్టలు ఎలా చెబితే అలా నేయడమే గానీ, నేసే మనిషి బొమ్మను తిప్పలేదు. కానీ వేణుమాధవ్ బన్నులు కాల్చుకునే మనిషి. అతనికేం తెలుసు? రఘునాథ్ చెడ్డవాడు కూడా కాదు. పాత మనిషి పేరు కాపాడుతున్నానని అనుకున్నాడు, పనిలో పనిగా అంగడి పేరు కూడా.

జయరాముడు ఊరుకున్నాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి కదా, ఊరుకున్నాడు. గ్లాసులో నీళ్లు తాగి, ఖాళీ గ్లాసును కింద పెట్టి, దాన్నే చూస్తూ కూర్చున్నాడు. ఇంకొక్క నిమిషం అలాగే ఉంటే అతని పేరు నిలిచిపోతుంది. లోపల్నుంచి హనుమక్క గొంతు వినిపిస్తోంది. "ఈ అంచు నేయడం కష్టమమ్మా. శానా ఓపిక గల్లోళ్లు నేసినారు" అని చౌడేశ్వరి పెళ్లి చీర గురించి చెబుతోంది. ఆ చీర ఎవరు నేశారో ఆమెకూ తెలియదు.

"లేదు సార్" అన్నాడు జయరాముడు. "ఆయమ్మ తప్పు లేదు. గ్రాఫు నేను గీసింది. తిప్పి గీయాల్సింది, తిప్పలేదు. తప్పు నాది. జయరాముడిది."

రఘునాథ్ నిట్టూర్చి కిటికీ వైపు తిరిగాడు.

జయరాముడు లేచి, కొంగు రెండు చివరలూ పట్టుకుని తిరగేశాడు. వెనకవైపు పైకి వచ్చింది. జరీ తక్కువ, తేలే దారాలు ఎక్కువ, అక్కడక్కడ ముడులు. కానీ రాతి బంగళా ఎడమన ఉంది, నడుమ చెరువు, కుడిన చర్చి. "చూడండి సార్. ఆయమ్మ చూసి నేసిన పక్కన అయితే, ఊరు సరిగ్గానే ఉండాది."

వేణుమాధవ్ చాలాసేపు చూశాడు. రైలు దారి వెంబడి వేలు నడిపించాడు. ఈసారి వేలు ఎక్కడా ఆగలేదు. "ఇట్లే తగిలిస్తే?" అన్నాడు.

"దారాలు కనపడతాయి సార్. నునుపుండదు."

"కనపడితే కనపడనీ. ఊరు ఊరి మాదిరి ఉండాల." అంతలోనే అతని గొంతు మారింది. "కానీ జయరాముడూ, వెనకపక్క ఎందుకు తగిలించినావని కమిటీవాళ్లు అడుగుతారు. గ్రాఫు తప్పని చెప్పాల. ఆ మాట చెప్పి, ఆ కిందనే గ్రాఫు గీసినోడని నీ పేరెట్ల పెట్టేది? నవ్వుతారప్పా. నాకు గూడ తల కొట్టేసినట్టు ఉంటాది."

"హనుమక్క పేరు ఉంటాది గదా?"

"ఉంటాది."

"అట్లయితే నాది తీసేయండి సార్."

అంత సులభంగా అనేశాడు. ముప్పై ఎనిమిదేళ్లు నోరు తెరిచి అడగనిది ఒకేఒకసారి అడిగాడు, దాన్నీ తన నోటితోనే వద్దన్నాడు. వేణుమాధవ్ వసారాలోకి పోయి ఊటీకి ఫోన్ చేశాడు. ఒక లైను తీసేసి మళ్లీ పంపమని చెప్పడం గదిలోకి వినిపించింది. ఒక లైనే కదా, ఎంతసేపు పడుతుంది?

హనుమక్క చేతులు తుడుచుకుంటూ వచ్చింది. దివాన్ మీద చూసి ఆగిపోయింది.

"ఇది వెనకపక్క గదన్నా."

"ఇట్లే తగిలిస్తారంట."

"ఎందుకు?"

"ఈ పక్కే బాగుండాదంట."

ఆమె వంగి, ఒక ముడి దగ్గర తేలిన దారాన్ని గోటితో సర్దింది. "ఆర్నెల్లు నేను చూసింది ఈ పక్కే" అంది. "నాకు ముఖం కొత్త, ఇదే అలవాటు." ఇంకేమీ అడగలేదు. పెద్దవాళ్లు ఏదో ఆలోచించే చేసి ఉంటారని నమ్మే మనిషి ఆమె. నమ్మకపోయినా అడిగి ఏం లాభమని తెలిసిన మనిషి కూడా.

వేణుమాధవ్ ఫోన్ పట్టుకుని లోపలికి వచ్చాడు. "చూడమ్మా, నీ పేరు. రేపు ప్రింటు" అని ఫోన్ ఆమె చేతికిచ్చాడు. ఇచ్చి, జయరాముడి ముఖం చూడలేక, సంచి కోసం వెతుకుతున్నట్టు పక్కకు తిరిగాడు.

హనుమక్క ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకుని జయరాముడి దగ్గరికి వచ్చింది. "నాది యాడుండాదన్నా?"

జయరాముడు చూశాడు. తమిళం, ఇంగ్లీషు, కింద తెలుగు. తెలుగులో ఇప్పుడు ఒక్కటే లైను ఉంది. నేత: హనుమక్క, ధర్మవరం. పేరు కింద వేలు పెట్టాడు. "ఇదో. హ, ను, మ, క్క."

ఆమె ఒక్కో అక్షరాన్నీ నోట్లోనే అనుకుంటూ చూసింది. ఆమె ముఖం చూస్తే జయరాముడికి ఆ ఎనిమిది నెలలూ తీరిపోయినట్టే అనిపించింది. తర్వాత ఆమె తలెత్తింది.

"మరి నీది?"

అతను వేలును ఆమె పేరు కిందే ఉంచాడు.

"నీది యాడన్నా? ఇద్దరిదీ అన్నారు గదా. నీది లేకుంటే నాది గూడ ఎందుకు, తీసేయమని చెప్తా. గీసినోడు లేకుండా నేసిందే యాడుంది?" అని ఆమె వేణుమాధవ్ వైపు తిరగబోయింది.

జయరాముడు గబుక్కున వేలు కొంచెం పక్కకు జరిపాడు. ధర్మవరం అన్న మాట కింద ఆపాడు.

"ఉండాదమ్మా. ఇదో, నీ పక్కనే. ఇది నాది."

హనుమక్క ఫోన్‌ను కంటికి దగ్గరగా తెచ్చుకుంది. గోటి కొనతో ఒక్కో అక్షరాన్నీ తాకుతూ ఎంచింది. మొదట తన పేరు, తర్వాత పక్కనున్న మాట.

"నాది నాలుగు, నీది నాలుగు" అంది తృప్తిగా. "సమంగా రాసినారన్నా, ఎక్కువ తక్కువ లేకుండా."

"అవునమ్మా" అన్నాడు జయరాముడు. "సమంగానే రాసినారు."